భిలావా గింజ, హాఫిజా దవా: మన అడవి నుంచి బగ్దాద్ దాకా ఒక తారీఖ్

పదో తరగతి ఇంతెహాన్లు దగ్గరపడినా, మద్రసాలో హిఫ్జ్ చేస్తున్న బచ్చా మంజిల్ వినిపించలేక తడబడినా, మన ఇళ్లలో ఒకే సవాల్ లేస్తుంది: “హాఫిజా పెరగడానికి ఏమన్నా దవా ఉందా?” కామారెడ్డిలో అడిగినా, ఎల్లారెడ్డిలో అడిగినా ఇదే మాట. అమ్మీ బాదం నానబెడుతుంది, దాదీ సరస్వతి ఆకు తెమ్మంటుంది, అబ్బా పట్నం పోయినప్పుడు ఏదో పౌడర్ డబ్బా తెస్తాడు.

ఇది కొత్త సవాల్ కాదు. సుమారు 1150 ఏళ్ల కింద ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి)ని ఆయన కాతిబ్ ముహమ్మద్ బిన్ అబీ హాతిం ఇదే అడిగాడు. ఆ సవాల్ వెనక ఒక దవా పేరు కూడా ఉంది. దాన్ని అరబీలో ‘బలాదుర్’ అన్నారు. ఉర్దూలో భిలావా. తెలుగులో నల్లజీడి, మన దగ్గర ఉత్త ‘జీడి’ అంటే చాలు. బగ్దాద్ ఉలమాను ఆశపెట్టి, భయపెట్టిన ఆ హాఫిజా దవా మన దేశపు అడవి గింజ. దాని కథ తెలిస్తే ఇవాళ పిల్లలకు ఏం ఇవ్వాలో, ఏం ఇవ్వకూడదో కొంత తేటపడుతుంది.

మన ఇలాఖా, మన చెట్టు

నిజాం జమానాలో ఇందూరు జిల్లా కింద కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అని రెండు తాలూకాలు ఉండేవి. ఇందూరే తర్వాత నిజామాబాద్ అయింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి సొంత జిల్లాగా ఏర్పడి, ఎల్లారెడ్డి అందులో రెవెన్యూ డివిజన్ అయింది. ఎల్లారెడ్డికి ఒక పక్క మంజీరా మీద 1923-31 మధ్య నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ కట్టించిన నిజాంసాగర్. మరో పక్క మెదక్ వైపు సాగే పోచారం అడవి. ఒకప్పుడు అది నిజాం షికార్‌గాహ్, 1952 నుంచి అభయారణ్యం. ఎండాకాలం ఆకు రాలిపోయే టేకు అడవులు ఇవి.

తెలంగాణలోని ఇలాంటి అడవుల్లో పెరిగే చెట్లలో నల్లజీడి ఒకటి. నారింజ రంగు కండ మీద కూర్చున్నట్టు నల్లటి గింజ, చూడ్డానికి చిన్న దిల్ ఆకారం. చిదిమితే నల్లటి జిగట నూనె వస్తుంది. బట్ట మీద పడితే ఎన్ని ఉతుకులకూ పోదు. అందుకే ఏ బట్ట ఏ ఇంటిదో గుర్తు పెట్టడానికి ధోబీలు దీన్నే వాడేవాళ్లు. ఒంటి మీద పడితే పొక్కులు లేస్తాయి, తోలు కాలినట్టవుతుంది. మనం ఇష్టంగా తినే కాజూ దీనికి చుట్టమే. పోర్చుగీసువాళ్లు కాజూ చెట్టును మన తీరానికి తెచ్చాక, తెలుగువాళ్లు దాన్ని జీడిమామిడి అన్నారు. పాత జీడి పేరే కొత్త చెట్టుకూ అంటుకుంది.

భల్లాతక నుంచి బలాదుర్

ఈ గింజ సంస్కృత పేరు భల్లాతక. ఆయుర్వేదంలో చరక సంహిత దీన్ని రసాయనాల్లో, అంటే ఒంటికి, బుద్ధికి బలమిచ్చే మందుల్లో చేర్చింది. దవాతో పాటు పేరు కూడా ఫార్సీ మీదుగా అరబీలోకి పోయి బలాదుర్ అయింది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో బగ్దాద్‌లో యూనాన్ కితాబులతో పాటు హింద్ కితాబులు కూడా తర్జుమా అయ్యాయి. క్రీ.శ. 850 ప్రాంతంలో అలీ బిన్ రబ్బన్ తబరీ రాసిన ‘ఫిర్దౌసుల్ హిక్మా’లో హింద్ వైద్యానికి ఒక ప్రత్యేక భాగమే ఉంది. ఇల్మ్ ఎవరి దగ్గర ఉన్నా తీసుకోవాలన్న బుజుర్గుల ఆదత్ అది.

హకీముల లెక్కలో నిస్యాన్, అంటే మతిమరుపు, ఎక్కువగా దిమాగ్‌లో సర్దీ, తరీ పెరగడం వల్ల వస్తుంది. మెత్తటి మట్టి మీద ముద్ర వేస్తే నిలవనట్టు, తడిసిన దిమాగ్ మీద మాట నిలవదని వాళ్ల ఖయాల్. అలాంటప్పుడు ఇలాజ్ గరం, ఖుష్క్ దవాతో చేయాలి. బలాదుర్ మిజాజ్ చాలా గరం, చాలా ఖుష్క్. అందుకని అది హాఫిజా దవాల జాబితాలో పైకెక్కింది. 10వ శతాబ్దంలో ఖైరవాన్ (నేటి ట్యునీషియా) హకీం ఇబ్నుల్ జజ్జార్ ఒక్క నిస్యాన్ మీదే, దాని ఇలాజ్ మీదే ఒక రిసాలా రాశాడు. మతిమరుపు గురించి విడిగా కితాబ్ రాయాల్సినంత గిరాకీ ఆ రోజుల్లో ఉండేదన్నమాట.

ఆ గిరాకీకి సబబ్ ఉంది. అప్పటికి కాగితం కొత్త. హదీస్ ఇల్మ్ సీనాల్లో దాచుకునే ఇల్మ్. ఒక్కో హదీస్‌కు పొడవైన సనద్. ఎవరు ఎవరి దగ్గర విన్నారో వరుస తప్పకుండా చెప్పాలి. ఒక్క పేరు మారితే రావీ మీద భరోసా పోతుంది. అలాంటి దునియాలో హాఫిజా ఉంటేనే ఇజ్జత్, ఉంటేనే రోజీ. మన కాలంలో ఇంతెహాన్ ర్యాంకు కోసం పడే తపన ఏ పాటిదో, ఆ తపన వాళ్లదీ అంతే.

బలాదుర్ తాగినవాళ్ల హాల్

తపన ఎక్కువైనచోట ఎహతియాత్ తగ్గుతుంది. ముహద్దిసుల జీవిత చరిత్రల్లో ఒక రివాయత్ వస్తుంది. అబూ దావూద్ తయాలిసీ, అబ్దుర్రహ్మాన్ బిన్ మహ్దీ, ఇద్దరూ పెద్ద ముహద్దిసులే, హాఫిజా కోసం బలాదుర్ తాగారట. ఒకరికి జుజామ్ (కుష్టు), మరొకరికి బరస్ (బొల్లి) వచ్చాయట. జుజామ్‌కు సబబ్ క్రిమి అని ఇవాళ మనకు తెలుసు. కానీ తోలును కాల్చి మచ్చలు చేసే గుణం ఈ గింజ నూనెకు నిజంగానే ఉంది. ఆ రోజుల్లో జనం కళ్లారా చూసిన తోలు మచ్చలే ఆ రివాయత్‌లో మాట్లాడుతున్నట్టు నాకు అనిపిస్తుంది.

ఇంకో పేరు మనకు బాగా తెలిసిందే. ‘ఫుతూహుల్ బుల్దాన్’ రాసిన గొప్ప మువర్రిఖ్ అహ్మద్ బిన్ యహ్యా బలాదురీ. ముహమ్మద్ బిన్ ఖాసిం సింధ్ ఫతహ్ గురించి తొలి వివరాలిచ్చిన కితాబుల్లో అదొకటి. ఆయన 892 (హిజ్రీ 279) ప్రాంతంలో వఫాత్ అయ్యారు. ఆయన పేరులోని ‘బలాదురీ’ ఈ గింజ నుంచి వచ్చిందే. 987లో ఇబ్ను నదీం రాసిన ‘ఫిహ్రిస్త్’ చెప్పేదాని ప్రకారం, సరిగా తెలియకుండా బలాదుర్ తాగడం వల్ల ఆయనకు చివరి రోజుల్లో మతి చలించింది. బీమారిస్తాన్‌లో కట్టి ఉంచారు, అక్కడే పోయారు. దేశదేశాల ఫతహ్‌లను వరుసగా గుర్తుపెట్టుకుని రాసిన మనిషికి పట్టిన గతి ఇది.

తారీఖ్ రాసేవాళ్లు సుని ఊరుకోరు, పరఖిస్తారు. 1229లో వఫాత్ అయిన యాఖూత్ హమవీ ఇక్కడ ఒక షక్ లేపాడు. ఈజిప్టులో ఖసీబ్ దగ్గర కాతిబ్‌గా పనిచేసిన దాదాకే ఆ పేరు ముందు నుంచి ఉందా? తాగింది దాదానా, మనుమడా? ఈ సవాల్ ఇప్పటికీ తేలలేదు. తేలింది మాత్రం ఒకటుంది: ఆ కాలపు జనానికి బలాదుర్ పేరు వింటే హాఫిజా ఎంత గుర్తొచ్చేదో, జునూన్ కూడా అంతే గుర్తొచ్చేది.

ఇదే కథ తర్వాత యూరప్‌కూ పోయింది. బలాదుర్ మాజూన్‌ను లాటిన్ వైద్యులు మొదట అక్లమందుల మాజూన్ అన్నారు. అతిగా వాడినవాళ్లకు ఉన్న అక్ల్ కూడా పోవడం చూసి తర్వాత బేవకూఫుల మాజూన్ అని పేరు మార్చారు.

ఇమామ్ బుఖారీ జవాబ్

ఇప్పుడు మొదటి సవాల్ దగ్గరికి వద్దాం. బగ్దాద్‌లో పదిమంది కలిసి వంద హదీసుల సనద్‌లను తారుమారు చేసి వినిపిస్తే, ఇమామ్ బుఖారీ ఒక్కొక్కటి సరిచేసి తిరిగి చెప్పిన వాఖియా మన మద్రసా బచ్చాలందరికీ తెలుసు. అలాంటి హాఫిజా చూసిన జనం ఊరుకుంటారా? ఆయన చాటుగా బలాదుర్ తాగారని పుకార్ లేపారు. ముహమ్మద్ బిన్ అబీ హాతిం ఏకాంతంలో అడిగాడు: హాఫిజాకు ఫాయిదా చేసే దవా ఏదైనా ఉందా? ఇమామ్ తనకు తెలియదన్నారు. కాస్త ఆగి, మనిషిలో ఉండే తీరని ఆకలి, కితాబును మళ్లీ మళ్లీ చూస్తూ ఉండడం, ఈ రెంటికి మించి హాఫిజాకు ఫాయిదా చేసేది ఏదీ తాను ఎరగనన్నారు. ఇమామ్ జహబీ ఈ మాటను భద్రపరిచారు.

ఆ జవాబ్‌లోని ఎహతియాత్ గమనించండి. దవా హరామ్ అనలేదు, దవా అబద్ధం అనలేదు. తనకు తెలిసింది ఇదీ అన్నారు. ఆకలి, మళ్లీ మళ్లీ చూడడం.

దక్కన్‌లో హకీములు

యూనానీ తిబ్ దక్కన్‌కు వచ్చి బాగా పాతుకుంది. ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా హైదరాబాద్ కట్టించిన కొన్నేళ్లకే, 1595 ప్రాంతంలో, దారుష్షిఫా లేచింది. అక్కడ ఇలాజ్, తిబ్ తాలీం రెండూ ఉండేవి. బీజాపూర్ దర్బార్‌లో తారీఖ్ రాసిన ముహమ్మద్ ఖాసిం ఫిరిష్తా హింద్ వైద్యం మీద ‘దస్తూరుల్ అతిబ్బా’ కూడా రాశాడు. బలాదుర్ ఇలా ఒక చుట్టు తిరిగి సొంత దేశానికే, ఈసారి యూనానీ దవాగా, వాపసు వచ్చింది. తర్వాతి కాలంలో చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీ, షిఫాఖానా ఆ సిల్సిలాను నడిపాయి.

దక్కన్ హకీములు బలాదుర్‌ను వదల్లేదు, కానీ ఉత్తగా ఎప్పుడూ వాడలేదు. దానికి ‘తద్బీర్’ కావాలి. గింజ టోపీ తీసి, కాల్చిన పట్కారుతో నొక్కి, ‘అసలె బలాదుర్’ అనే ఆ జిగట నూనె పిండి తీసేయాలి. మిగిలినదాన్ని నెయ్యితో శుద్ధి చేయాలి. అలా ముదబ్బర్ చేసిన గింజే ‘అన్‌ఖరూయా’ లాంటి మాజూన్లలో పడుతుంది. మన డ్రగ్స్ చట్టం కింద ఉన్న షెడ్యూల్ ఈ(1) అనే విష ద్రవ్యాల జాబితాలో ఇవాళ్టికీ భల్లాతక పేరు ఉంది.

రోజువారీ ఇలాజ్‌కు హకీములు మెత్తటి దవాలు ఎంచుకున్నారు: ఖమీరా గావ్‌జబాన్, ‘జారూబె దిమాగ్’ (దిమాగ్‌కు చీపురు) అని పేరుపడ్డ ఉస్తూఖుద్దూస్‌తో చేసే ఇత్రీఫల్, మాల్ కంగనీ నూనె, బ్రాహ్మీ బూటీ. మన పల్లె ఇళ్లలో హిందూ, ముసల్మాన్ ఫరఖ్ లేకుండా పిల్లల నాలుక మీద వసకొమ్ము అరగదీసి రాసేవాళ్లు. ఎక్కువ వాగే పిల్లను ‘వసపిట్ట’ అనడం దాన్నుంచే. ఆ వసనే ఉర్దూలో బచ్ అనీ, తిబ్ కితాబుల్లో వజ్ అనీ అంటారు.

లేబొరేటరీ ఏం చెప్పింది?

మొక్కల్లోని రసాయనాలు హాఫిజా మీద పనిచేస్తాయా అంటే, చేస్తాయి. మన గల్లీ పక్కన మొలిచే ఉమ్మెత్తే దానికి సుబూత్. ఉమ్మెత్త తిన్నవాడు ఎవరు ఎవరో గుర్తుపట్టడు. అందులోని రసాయనం, దిమాగ్‌లో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం పనికి అడ్డుపడుతుంది. దీనికి ఉల్టా పనిచేసేది స్నోడ్రాప్ అనే యూరప్ పువ్వు మొక్కలో దొరికిన గాలంటమైన్. ఎసిటైల్‌కోలిన్ తొందరగా విరిగిపోకుండా అది కాపాడుతుంది. అల్జీమర్స్ మరీజ్‌ల కోసం 2001లో అమెరికా దానికి ఇజాజత్ ఇచ్చింది. బీమారీని అది నయం చేయదు, లక్షణాలను కొంతకాలం తగ్గిస్తుంది.

మన బ్రాహ్మీ సంగతి. ముందు ఒక గడబిడ తీర్చుకోవాలి. బ్రాహ్మీ పేరుతో రెండు మొక్కలు అమ్ముడవుతాయి. ఒకటి గుండ్రటి ఆకుల సెంటెల్లా, చాలామంది సరస్వతి ఆకు అనేది దీన్నే. రెండోది నీళ్ల అంచున పాకే, చిన్న దళసరి ఆకుల బకోపా. తహ్ఖీఖ్ ఎక్కువ జరిగింది బకోపా మీద. 1960లలో లఖ్‌నవూలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సైంటిస్టులు దాన్నుంచి బకోసైడ్లను విడదీశారు, తర్వాత ఎలుకల మీద పరీక్షించారు.

మనుషుల మీద రెండు ఆజమాయిష్‌లు ఆస్ట్రేలియాలో జరిగాయి. 2001 నాటి దానిలో 46 మంది తందురుస్త్ పెద్దవాళ్లు ఉన్నారు. ఫాయిదా స్పష్టంగా కనబడింది 5 వారాలకు కాదు, 12 వారాలకు. 2002 నాటి రెండోదానిలో 40-65 ఏళ్ల వాళ్లు 76 మంది 3 నెలలు తీసుకున్నారు. కొత్తగా నేర్చుకున్నది మరిచిపోవడం కొంత తగ్గింది. నేర్చుకునే రఫ్తార్ మాత్రం మారలేదు.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. బ్రాహ్మీ సబఖ్‌ను తొందరగా ఎక్కించదు. ఎక్కిన సబఖ్ కొంచెం నెమ్మదిగా జారేలా చేస్తుందేమో, అదీ నెలల తర్వాత, అదీ పెద్దవాళ్లలో. రేపు ఇంతెహాన్ అనగా ఇవాళ మింగించే పౌడర్‌కు ఇందులో ఏ దలీల్ లేదు. ఇంకో ఖత్రా కూడా ఉంది. బకోపా తాను పెరిగే నీళ్లలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను తనలోకి లాక్కుంటుంది. మోరీ పక్కన, మురికి చెరువు ఒడ్డున కోసిన ఆకు పిల్లలకు పెట్టకూడదు.

మిగతావాటి హాల్? ప్రపంచమంతా అమ్ముడైన గింకో ఆకును అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మంది మీద ఏళ్ల తరబడి పరీక్షించారు. డిమెన్షియా రావడాన్ని అది ఆపలేదని 2008లో తేలింది. వసలోని బీటా-అసరోన్ ఎలుకల్లో గడ్డలు కలిగించిందని 1968లోనే అమెరికా దాన్ని తిండి పదార్థాల్లో నిషేధించింది. ఖదీం ఆదత్ అయినంత మాత్రాన పసిబిడ్డకు ఏదైనా పెట్టొచ్చని కాదు. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జే అని ఇంకో జాబితా ఉంది. ఏయే బీమారీలు నయం చేస్తామని మందులు దావా చేయకూడదో అది చెబుతుంది. దిమాగ్ తాఖత్ పెంచుతాం, జ్ఞాపకశక్తి పెంచుతాం అనే దావా ఆ జాబితాలోనే ఉంది.

హిఫ్జ్ మద్రసా నుస్ఖా

ఇమామ్ బుఖారీ తర్వాత కూడా ఉలమా ఈ సవాల్‌ను వదల్లేదు. 1201లో వఫాత్ అయిన ఇబ్నుల్ జౌజీ ఇల్మ్ కంఠస్థం చేయడం మీద ఒక కితాబ్ రాసి, అందులో దవాల గురించి కూడా మాట్లాడారు. ‘హిదాయా’ రచయిత మర్గీనానీ షాగిర్ద్ జర్నూజీ రాసిన ‘తాలీముల్ ముతఅల్లిం’ ఇప్పటికీ మన మద్రసాల్లో చదువుతారు. హాఫిజా బాబ్‌లో ఆయన తేనె, కుందుర్ (సాంబ్రాణి జాతి బంక) చక్కెరతో, పరగడుపున 21 ఎర్ర కిష్మిష్‌లు చెబుతారు. కానీ వాటికంటే ముందు ఆయన పేర్కొనేవి మెహనత్, పాబందీ, తక్కువ తిండి, రాత్రి నమాజ్, ఖురాన్ తిలావత్. గునాహ్‌లను, దునియా ఫికర్‌ను మతిమరుపు తెచ్చేవాటిలో పెట్టారు. కిష్మిష్ అక్కడ భోజనంలో పచ్చడి లాంటిది.

మన హిఫ్జ్ తరీఖా చూడండి. రోజూ మూడు పనులు: సబఖ్ (కొత్త పాఠం), సబ్ఖీ (మొన్నమొన్నటిది), మంజిల్ (పాతదంతా వంతుల వారీగా). కట్టు తెంచుకున్న ఒంటె కంటే తొందరగా ఖురాన్ సీనా నుంచి జారిపోతుందని, దాన్ని చూసుకుంటూ ఉండాలని నబీ సల్లల్లాహు అలైహి వసల్లం హెచ్చరించారు. 1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసి, నేర్చినది మొదటి గంటల్లోనే ఎంత వేగంగా జారుతుందో లెక్కగట్టాడు. ఎడం ఇచ్చి తిరిగి చదివితే నిలుస్తుందని కూడా చూపాడు. సబ్ఖీ, మంజిల్ చేసే పని అదే. బకోపా పరీక్షల్లో కొద్దిగా కనబడిన ఫాయిదా, మరిచిపోవడం తగ్గడం, మంజిల్ వినే ఉస్తాద్ రోజూ ఉచితంగా ఇస్తున్నాడు.

ఇక నిద్ర. యూనానీ హకీములు సెహత్‌కు లెక్కగట్టిన ఆరు జరూరీ అస్బాబ్‌లో గాలి, తిండి-నీళ్లు, ఒంటి కదలిక-ఆరామ్, మనసు కదలిక-ఆరామ్, నిద్ర-మెలకువ, మలినాలు పోవడం-నిలవడం ఉంటాయి. దవా పేరు ఆ ఆరింటిలో లేదు. పగలు నేర్చినది రాత్రి నిద్రలోనే గట్టిపడుతుందని ఇవాళ్టి సైన్స్ చెబుతోంది. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి, ఫజర్‌కు తూగుతూ సబఖ్ తెరిచే బచ్చాకు ఏ ఖమీరా ఏం చేస్తుంది?

కాబట్టి కామారెడ్డి, ఎల్లారెడ్డి అమ్మీ అబ్బాలకు నా గుజారిష్ ఇది. బాదం, కిష్మిష్, తేనె పెట్టండి, అవి మంచి గిజా. తేనె మాత్రం ఏడాది నిండని పసిపిల్లలకు వద్దు. యూనానీ దవా కావాలంటే చదువుకున్న, రిజిస్టర్ అయిన తబీబ్ దగ్గరికి బచ్చాను తీసుకుపోండి. డబ్బా మీద రాసింది చూసి కొనకండి. అడవి నుంచి తెచ్చిన జీడి గింజ, దాని నూనె పిల్లల చేతికి అందనీయకండి. బచ్చా నిజంగానే పదేపదే మరిచిపోతుంటే, ముందు డాక్టర్‌కు చూపించి కళ్లు, చెవులు, రక్తం తక్కువేమో పరీక్ష చేయించండి. చాలాసార్లు సబబ్ అక్కడే దొరుకుతుంది.

ఆ తర్వాత రోజూ మగ్‌రిబ్ తర్వాత ఓ అరగంట పక్కన కూర్చుని, నిన్నటి సబఖ్ వినండి. మీకు అరబీ రాకపోయినా, లెక్కలు రాకపోయినా పరవాలేదు, ముస్‌హఫ్ గానీ పుస్తకం గానీ ముందు పెట్టుకుని వినండి. ఇమామ్ చెప్పిన రెండింటిలో మళ్లీ మళ్లీ చూడడం అలా ఇంట్లోనే అలవాటవుతుంది. ఇంట్లో వినేవాళ్లున్నారని తెలిస్తే ఆకలి కూడా ఇన్షా అల్లాహ్ అదే పుడుతుంది.